నీలోడి రెండో కాలు

హారెల్‌బేకె
17 జూలై 1986

నా పావురం నీలోడిని నువ్వు బార్సిలోనాలో వదల్లేదు యోరిస్. వదిలానని కఫేకి ఫోన్ చేసి చెప్పావు. కఫేలో అందరూ విన్నారు, తాత సంతోషం పట్టలేక టోపీ తీసి బల్ల మీద కొట్టాడు, నేను మర్నాడంతా మిల్లులో మగ్గం ముందు పిచ్చిదానిలా నవ్వుకుంటూ పనిచేశాను. అంతా అబద్ధం.

ఏమని చెప్పావు? శనివారం పొద్దున, సముద్రం ఒడ్డున, ఆకాశం కడిగిన పళ్లెంలా ఉందని. అదే పొద్దున నేనూ తాతా రేడియోలో పావురాల వార్తలు విన్నాం. బార్సిలోనా: వాన, పిట్టలు బుట్టల్లోనే ఉన్నాయి. ఆదివారం: వాన, బుట్టల్లోనే. అక్కణ్నుంచి ఇళ్లకి ఎగిరి రావాల్సిన పందెం పిట్టలు వేలకొద్దీ లారీల్లో ముడుచుకు కూర్చుంటే నీ ఒక్కడి నెత్తిమీదే ఎండ కాసిందా? తాత రేడియో కట్టేసి, "అంత పెద్ద ఊళ్లో ఒక పక్క వాన, ఒక పక్క ఎండ ఉండకూడదా ఏంటి?" అన్నాడు. నువ్వు అబద్ధం చెప్పగలవని ఆయనకి తోచదు. నాకు తోస్తుంది. అమ్మ పోయాక నీ ముక్కు తుడిచి పెంచినదాన్ని.

తాత ఈస్టర్ రోజు కఫేలో అందరి ముందూ అన్న మాట నీకు మళ్లీ గుర్తు చెయ్యాలా? "ఆడపిల్ల చేతికి గూడు ఎట్టా ఇస్తానే నెలే? సరే, నువ్వు పెంచిన పిట్ట ఒక్కటంటే ఒక్కటి బార్సిలోనా నుంచి వేళకి ఇంటికి రానీ. గూడూ పిట్టలూ అన్నీ నీవే. రాలేదనుకో, ఆగస్టు ఆఖరి ఆదివారం మొత్తం వేలం." పందెంలో తన పేరు మీద నీలోడిని పంపనన్నాడు. మిల్లులో నాకు సెప్టెంబరు దాకా సెలవు లేదు. నీ చేతిలో మాత్రం నెల రోజులపాటు యూరప్ అంతా తిరిగే రైలు పాసు ఉంది. అందుకని బుట్ట నీకిచ్చాను. పద్నాలుగేళ్లకి బడి మాని మగ్గం దగ్గరికి వెళ్లినదాన్ని. ఆ మిల్లు కాకుండా నాకంటూ ఉన్నది పెరట్లో ఆ గూడు ఒక్కటే. నీకది తెలుసు.

బయల్దేరే రోజు నువ్వు చూస్తుండగానే నీలోడికి వాడి పెట్టని చూపించాను. రెండు వారాలు విడదీసి ఉంచి, ఒక్క క్షణం చూడనిచ్చి, మీద వాలేలోపు లాగేసి బుట్టలో పెట్టాను. అలా చేస్తే మగపిట్ట ఇల్లు చేరేదాకా ఎక్కడా ఆగదు. "ఇది హింస కదక్కా" అన్నావు. హింసే. పిట్టలు పెంచేవాళ్లం అందరం చేసే హింసే. ఆ మాట అన్న నోటితోనే "ఒట్టు, బార్సిలోనాలోనే వదుల్తా" అని కూడా అన్నావు.

నీలోడు ఏడీ? తాత వెదురుబుట్ట ఏదీ? ఫ్లోరెన్స్ పోస్టాఫీసులో ఉత్తరాలు తీసుకుంటానన్నావు కదా, తీసుకో.

నెలే


ఫ్లోరెన్స్
24 జూలై

ప్రియమైన అక్కా,

నీ ఉత్తరం చదివి ఇక్కడి మెట్ల మీద కూలబడ్డాను. పక్కన కూర్చున్నవాళ్లు నన్ను చూసి ఎవరో పోయారనుకుని నీళ్లిచ్చారు. నీ చేతిరాత అలా ఉంటుంది, మగ్గం మీద దారం తెగినట్టు.

మా తిరుగుడు నువ్వు చూస్తే నవ్వుతావు. రాత్రి రైల్లో నిద్ర, పగలు చర్చిల్లో నిలబడి నిద్ర. పారిస్‌లో పొద్దున దిగి సాయంత్రానికి ఎక్కాం. మర్నాడు లియోన్, అక్కణ్నుంచి అటే జెనీవా. అక్కడ సరస్సు చూశామో, సరస్సు బొమ్మ చూశామో ఇప్పుడు చెప్పలేను. మిలాన్‌లో చర్చి కప్పెక్కి రొట్టె తిన్నాం. నాతో వచ్చిన వేర్లే చేతిలో ఒక పుస్తకం ఉంది. లూవెన్‌లో నా తరగతే, డాక్టరు గారి కూతురు, నీకు చెప్పాను కదా. ఆ పుస్తకంలో చూడాల్సినవాటికి నక్షత్రాలు వేశారు. మూడు నక్షత్రాలున్నవి ఆగి చూస్తాం, రెండున్నవి నడుస్తూ, ఒకటున్నవి బస్సు కిటికీలోంచి. నిన్న ఒకేరోజు ఎంతమంది ఏసుక్రీస్తుల్ని చూశానో, రాత్రి కలలో అందరూ వరసగా నిలబడి టికెట్ అడిగారు.

ఇక బార్సిలోనా సంగతి. వాన ఉంది, ఒప్పుకుంటాను. ఫోన్లో పైసలు అయిపోతున్నాయని తొందరలో ఎండ అన్నాను. కానీ కాసేపు తెరిపిచ్చిందక్కా. అప్పుడే వదిలాను. రేడియోవాళ్లు ఆ తెరిపిని ఎందుకు చెప్తారు? నీలోడు బుట్టలోంచి బయటికొచ్చి నా భుజం మీద కాసేపు కూర్చున్నాడు, సెలవు తీసుకుంటున్నట్టు. తర్వాత సముద్రం మీదుగా వెళ్లిపోయాడు. బుట్టని అక్కడే చేపలమ్మే ముసలామెకి ఇచ్చేశాను. తాతకి కొత్తది కొందాం.

దారిలో గద్దలుంటాయి, తీగలుంటాయి. రాకపోతే నీ తప్పు కాదు, నా తప్పూ కాదు. మనసు గట్టి చేసుకో. గూడు పోతే పోయింది, తెల్లారకముందే లేచి రెట్టలు గీకే పని తప్పుతుంది. తీరిగ్గా పుస్తకాలు చదువుకో. నీకు ఇష్టమే కదా.

నీ యోరిస్


హారెల్‌బేకె
29 జూలై

అట్లాస్ ముందు పెట్టుకుని రాస్తున్నాను. నీ పాతదే, లోపల నువ్వు మీసాలు గీసిన రాజు బొమ్మ ఉంది.

పారిస్, మర్నాడు లియోన్, అక్కణ్నుంచి అటే జెనీవా. నువ్వే రాశావు. బార్సిలోనా ఎక్కడ దూర్చావు, వేర్లే సంచిలోనా? స్పెయిన్ లియోన్‌కీ జెనీవాకీ మధ్య లేదు యోరిస్. నువ్వు స్పెయిన్‌లో కాలు పెట్టలేదు.

భుజం మీద కూర్చున్నాడా? రెండు వారాలు పెట్టకి దూరమైన మగపిట్ట నీ భుజం మీద ఎందుకు కూర్చుంటాడు, నీ అందం చూసా?

తాత కఫే గోడకి వేలం కాగితం అంటించాడు. ఆగస్టు 31, ఆదివారం, చర్చిలో పూజ అయ్యాక. పిట్టలన్నీ, గూడు పలకలతో సహా. మనింటికి వచ్చి నా పిట్టల రెక్కలు విప్పి చూసి పోతున్నారు జనం. "నెలే, ఈ ఎర్రదాని తల్లి ఏది?" అని నన్నే అడుగుతున్నారు, నేనే చెప్తున్నాను.

తాత పైకి "అది రాదులే" అంటాడు. కానీ పొద్దుణ్నుంచీ పెరట్లో కుర్చీ వేసుకుని, బఠాణీల డబ్బా ఆడిస్తూ దక్షిణం వైపు చూస్తూ కూర్చుంటాడు. ఎవరైనా వస్తే డబ్బా కుర్చీ కింద దాస్తాడు. పెట్టని ఇంకో మగదానితో కలపనివ్వడం లేదు.

నీలోడిని ఏం చేశావు? అమ్మావా? ఎవరికైనా ఇచ్చావా? ఎక్కడ వదిలావో ఆ ఊరి పేరు రాయి చాలు. పారిస్ అయినా సరే. వియన్నా పోస్టాఫీసుకి రాస్తున్నాను. అక్కడ కూడా మూడు నక్షత్రాలవే చూస్తావేమో, కాస్త ఇదీ చూడు.

నెలే


వియన్నా
4 ఆగస్టు

అక్కా,

లియోన్.

వదల్లేదు. స్టేషన్లో సామాన్లు పెట్టుకునే ఇనుప అల్మరాలు ఉంటాయి, డబ్బులేస్తే తాళం పడుతుంది. అందులో పెట్టాను.

పారిస్ రైల్లో బుట్ట కంపు కొడుతోందని వేర్లే లేచి వేరే పెట్టెలో కూర్చుంది. ఎవరిదని అడిగింది. మా అక్కది అని చెప్పలేకపోయాను. పక్కింటి ముసలాయనది అన్నాను. పారిస్ అంతా ఆ బుట్ట మోసుకుని తిరిగాను, మ్యూజియం గుమ్మంలోనే ఆపేశారు. వేర్లే లోపలికెళ్లి చూసొచ్చింది, నేను బయట మెట్ల మీద నీలోడికి నీళ్లు పట్టాను. లియోన్‌లో కాస్త వ్యవధి ఉంది. కొండ మీద చర్చి చూసొచ్చి బార్సిలోనా రైలెక్కుదామనుకున్నాం. బుట్ట అల్మరాలో పెట్టి తాళం వేశాను. చర్చిలో వేర్లేకి జెనీవా వాళ్లెవరో కలిశారు, వాళ్లతో వెళ్దామంది. పరిగెత్తి స్టేషన్‌కి వచ్చేసరికి రైలు నిలబడి ఉంది. నా చెయ్యి పట్టుకుని లాగింది. ఎక్కాను. కూర్చున్నాక బుట్ట గుర్తొచ్చింది.

నిజం రాయమన్నావు కాబట్టి రాస్తున్నా. అప్పటికింకా రైలు కదల్లేదు.

బుట్ట ఏదని వేర్లే అడిగితే, స్టేషన్ కూలీ చేతికిచ్చాను, వదిలేస్తాడు అన్నాను. ఆమె మనసు మెత్తన, రోడ్డు మీద పిల్లి కనిపించినా తన రొట్టె పెడుతుంది. ఆమెకిది తెలియకూడదు. తాళంచెవి ఇంకా నా జేబులోనే ఉంది. ఊరి పేరూ నంబరూ దాని మీద చెక్కి ఉన్నాయి. పారేద్దామని రోజూ అనుకుంటాను.

తిట్టుకో. కానీ ఒక మాట. ఆలస్యంగా వచ్చిన పిట్టల్ని తాత ఏం చేస్తాడు? మెడ తిప్పి సూప్ కాస్తాడు. వడ్డించేది ఎవరు? నువ్వు. జంటని విడదీసి బుట్టలో కుక్కింది ఎవరు? నేను ఒక్క పిట్టకి చేసింది మీరు ఇన్నేళ్లుగా గూడు మొత్తానికీ చేస్తున్నారు. నన్నొక్కణ్నీ హంతకుణ్ని చెయ్యకు.

తాతకి చెప్పొద్దు. లూవెన్‌లో నా గదీ నా చదువూ ఆయన దయ. నీకు పోయేది గూడు. నాకు పోయేది జీవితం. నువ్వే లెక్క చూడు.

యోరిస్


హారెల్‌బేకె
13 ఆగస్టు

నీలోడు ఇంటికి వచ్చాడు.

కూర్చుని చదువు. మెట్లు ఉంటే మెట్ల మీద కూర్చో.

నీ వియన్నా ఉత్తరం అందిన రోజే తాత ముందు పెట్టాను. అవును, పెట్టాను. కళ్లద్దాలు పెట్టుకుని నిదానంగా రెండుసార్లు చదివాడు. నవ్వాడు. "వెర్రి వెధవ, మనసు వెన్న. అక్కకి గూడు దక్కాలని తన మీద వేసుకుంటున్నాడు. రైలు కదల్లేదంట, దిగలేదంట, అట్టాంటి మనిషి ఉంటాడా ఎక్కడన్నా? ఇద్దరూ కూడబలుక్కుని నన్ను ముసలాడని ఆడిస్తున్నారే" అన్నాడు. ఉత్తరం మడిచి నా చేతికిచ్చి, "దాచుకో, అట్టాంటి తమ్ముడు దొరకడు" అన్నాడు.

నిన్న నేను మధ్యాహ్నం షిఫ్ట్‌కి వెళ్లాను. తాత కుర్చీలో ఉన్నాడు, డబ్బా చేతిలో ఉంది. నీలోడు పక్కింటి పెంకుల మీద వాలాడట. డబ్బా ఆడించాడట. ఎగరలేక పెంకుల మీంచి జారుతూ, కింద పడుతూ, నడుచుకుంటూ వచ్చి గూడు పలక మీద ఎక్కబోయి పడ్డాడట. తాత చేతిలోకి తీసుకున్నాడు. రొమ్ము ఎముక చాకు అంచులా ఉందట. తాత లెక్కలో నెల పట్టింది బార్సిలోనా నుంచి. నెల పట్టిన పిట్ట ఏ లెక్కలోకీ రాదు. ఆయన రూలు ఆయన తప్పలేదు.

నేను ఆకలితో వచ్చాను. సూప్ వేడిగా ఉంది. రెండు గిన్నెలు తాగాను. "బాగుందా?" అన్నాడు. బాగుందన్నాను. "ఒట్టి ఎముకలే, అయినా రుచి దిగింది. నీ నీలోడు" అన్నాడు.

పెరట్లో బకెట్ వెతికాను. తల ఉంది. ముక్కు చివర విరిగిపోయి ఉంది, రెక్కల ఈకలు చివర్లలో రంపంతో కోసినట్టు ఉన్నాయి. బుట్ట సందుల్లోంచి ఇనుముని పొడిచాడు యోరిస్. చీకట్లో, నీళ్లు లేకుండా, ఎవరో తలుపు తెరిచేదాకా. ఆ తెరిచిన మనిషి పేరు నాకు తెలియదు, వాడికి దండం. ఆ ముక్కుతో, ఆ రెక్కలతో లియోన్ నుంచి ఇంటికి వచ్చాడు. నేను పెంచిన పిట్ట. తల తీసుకెళ్లి తాతకి చూపిస్తే, "కరెంటు తీగ తగిలుంటుంది" అన్నాడు.

వడ్డించేది నువ్వే అన్నావు. ఈసారి తిన్నదాన్ని కూడా. లెక్క చూడమన్నావు, చూశాను. లూవెన్ నుంచి వెంటనే బయల్దేరి రా. తాళంచెవి తీసుకురా.

నెలే


లూవెన్
19 ఆగస్టు

ప్రియమైన అక్కా,

నీలోడి సంగతి చదివి చాలా బాధపడ్డాను. నిజంగా.

కానీ ఇప్పుడు రాలేను. సెప్టెంబరులో మళ్లీ పరీక్షలున్నాయి, పోయినసారి రెండు తప్పానని తాతకి చెప్పకు. ఆదివారాలు వేర్లే వాళ్లింట్లో భోజనం, వాళ్ల నాన్న నాతో చదువు గురించీ ప్రయాణం గురించీ మాట్లాడతాడు. మేం చూసిన ఊళ్ల ఫోటోలు ఆల్బంలో అంటిస్తున్నాం. లియోన్ ఫోటో ఒకటి బాగా వచ్చింది, కొండ మీంచి.

నువ్వే ఆలోచించు. నేను నిజం రాసి పంపాను. నువ్వు చూపించావు. ఆయన నమ్మలేదు. ఇందులో నేను చెయ్యగలిగింది ఇంకేముంది? ఈ వయసులో ఆయనకి మనవడి మీద ఉన్న ఆ కాస్త నమ్మకం కూడా పగలగొడితే నీకు ఏం సుఖం? పైగా పిట్ట చచ్చిపోయింది, తినేశారు కూడా. కథ అయిపోయింది.

వేలంలో నీకు నచ్చిన పిట్టని ఒకదాన్ని పాడుకో. పుట్టినరోజుకి నేనిచ్చినట్టు అనుకో.

యోరిస్


హారెల్‌బేకె
25 ఆగస్టు

కథ అయిపోలేదు. నువ్వు చేసినదాంట్లో అన్నిటికన్నా పెద్దది బుట్టని మర్చిపోవడం కాదు. మర్చిపోవడం మనిషన్నవాడు చేస్తాడు. గుర్తొచ్చాక దిగకపోవడం కూడా కాదు. తాత నీ పాపాన్ని మంచితనం అనుకుంటే, ఆ మంచితనం తొడుక్కుని డాక్టరు గారింట్లో భోజనానికి కూర్చున్నావు చూడు, అది.

పెట్టని నిన్న ఒకడు వచ్చి బేరం చేసి వెళ్లాడు. ఇంకా గుమ్మంలోనే కూర్చుంటోంది. "ఇదేంటి, గుడ్లు పెట్టదా?" అన్నాడు. పెడుతుంది, మొగుడు ఆలస్యంగా వచ్చాడు అన్నాను. నవ్వాడు.

తాళంచెవి నీ దగ్గరే ఉంది. నువ్వు దేన్నీ పారెయ్యవు. చిన్నప్పుడు చాక్లెట్ కాగితాలు, ఇప్పుడు రైలు టికెట్లు. చూసిన ప్రతి ఊరికీ ఒక గుర్తు ఉండాలి నీకు. లియోన్‌కి అదే గుర్తు. నీ ఉత్తరాన్ని తాత నమ్మలేదు కానీ, నంబరు చెక్కిన ఇనప ముక్కని ఎవరూ జాలితో తయారుచెయ్యరు. అది ఆయనకి అర్థమవుతుంది.

ఆదివారం పూజ అయ్యాక కఫేలో వేలం. మొదటి బుట్ట బల్ల మీదికి ఎక్కకముందే నువ్వు అక్కడ ఉండాలి. తాళంచెవి తాత ముందు పెట్టాలి. అందరూ వినేలా, నీ నోటితో చెప్పాలి: నీలోడిని లియోన్‌లో ఇనుప అల్మరాలో పెట్టాను, రైలు కదలకముందే గుర్తొచ్చింది, దిగలేదు. ఒక్క ముక్క ఎక్కువ వద్దు, ఏడుపు వద్దు. ఆ తర్వాత తాత నిన్నేం చేస్తాడో నాకు తెలియదు. ఆలస్యంగా వచ్చినవాళ్లని ఏం చేస్తాడో ఇద్దరికీ తెలుసు.

నువ్వు రాకపోతే గూడు పోతుంది. సరే, పోనీ. సోమవారం నేను మిల్లుకి వెళ్తాను, నా మగ్గం నాకుంటుంది. కానీ నీలోడికి రెండు కాళ్లు ఉండేవి. పందెం పిట్టలకి వేసే గుర్తింపు ఉంగరం ఉన్న కాలు తాత తీసి మేకుకి తగిలించాడు. రెండోది బకెట్లోంచి నేను తీశాను. ఉప్పులో పెట్టి ఆరబెట్టాను. అగ్గిపెట్టెలో చక్కగా పడుతుంది. వేర్లే ఇంటి చిరునామా నువ్వే ఇచ్చావు, ప్రయాణంలో ఏదైనా జరిగితే కబురు చెయ్యమని. ఏదో ఒకటి జరిగింది కదా.

వస్తున్నావో లేదో ఒక్క ముక్క రాయి. శుక్రవారం పోస్టులో నాకు అందాలి. అందకపోతే శనివారం పొద్దున అగ్గిపెట్టె, నీ వియన్నా ఉత్తరంలో చుట్టి, డాక్టరు గారింటికి పంపిస్తాను. ఆల్బంలో లియోన్ ఫోటో పక్కన అంటించుకోమను.

శుక్రవారం.

నెలే